చూపు నేర్చే వయసు

ఉద్యోగాలు అయ్యాయి. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయ్యాయి. ఇప్పుడు కళాచరిత్ర పాఠం వినడానికి వచ్చి కూర్చుంటున్న పెద్దవాళ్లు ఒక రాతి ఫలకంలో, ఒక చీర అంచులో, ఒక పటంలో ఏం చూస్తున్నారు? అలాంటి తరగతి మన ప్రతి ఊళ్లో ఎందుకుండాలి?

"ఏనుగులు రెండు కాదండీ. ఒకటే."

వెనక వరుసలోంచి వచ్చిందా మాట. అన్నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అది గుంటూరులో ఒక పెన్షనర్ల సంఘం హాలు. కిటికీలకు దుప్పట్లు కట్టి వెలుతురు తగ్గించారు. అమరావతి స్తూపం నుంచి వచ్చిన గుండ్రటి ఫలకం బొమ్మ గోడ మీద పడుతోంది. క్రీస్తుశకం 2వ శతాబ్దం నాటి పని అది. అసలు రాయి చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పాఠం చెప్పడానికి వచ్చిన అమ్మాయి ఫలకం పేరు కూడా ఇంకా చెప్పలేదు. "ఏం కనిపిస్తోందో చెప్పండి బాబాయ్ గారూ, పిన్ని గారూ" అని అడిగి పక్కకు తప్పుకుంది.

ముందు వరుసల్లో వాళ్లు ఏనుగులు రెండన్నారు. ఎడమ పక్కన ఒకటి వీధిలోకి దూసుకొచ్చి మనిషిని తొండంతో పట్టింది. కుడి పక్కన ఒకటి మోకాళ్లు వంచి తలదించింది. డ్రైవరు గారు ఒప్పుకోలేదు. "జనాన్ని చూడండి. ఇటు పక్క హడలిపోతున్నారు. మేడ మీద ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. అటు పక్క అంతా సర్దుకుంది. వీధి ఒకటే, ఏనుగు ఒకటే. మధ్యలో ఏదో జరిగింది." బజారు వీధుల్లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషికి జనం ఎప్పుడు చెదురుతారో, ఎప్పుడు ఆగుతారో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ తర్వాతే కథ వచ్చింది. బుద్ధుణ్ని చంపించాలని దేవదత్తుడు రాజగృహ వీధుల్లోకి వదిలించిన మదపుటేనుగు నలగిరి. ఎడమ పక్కన దాని విధ్వంసం, కుడి పక్కన బుద్ధుడి ముందు దాని లొంగుబాటు. రెండు క్షణాలనూ శిల్పి ఒకే వృత్తంలో చెక్కాడు. మధ్యలో గీత లేదు, చట్రం లేదు. కాలం మారిందని మనకు తెలిసేది మనుషుల ఒళ్లు చూసే. కంటి ముందు రాయి కదలదు, మన చూపు ఎడమ నుంచి కుడికి కదులుతుంది. ఆ కదలికలోనే కథ నడుస్తుంది. ఈ సంగతి ముందే ఉపన్యాసంగా చెప్పి ఉంటే అందరూ తలలూపేవారు. తామే పట్టుకున్నారు కాబట్టి వాదించుకున్నారు, లేచి గోడ దగ్గరికి వెళ్లి వేలుపెట్టి చూపించారు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో కళాకృతి ముందు ఎంతసేపు నిలబడుతున్నారో పరిశోధకులు కొలిచి 2001లో ప్రచురించారు. సగటున 27 సెకన్లు. గుంటూరు హాల్లో ఒక్క ఫలకానికి గంట సరిపోలేదు.

డ్రాయింగ్ పీరియడ్ బాకీ

ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్న తరానికి బళ్లో డ్రాయింగ్ పీరియడ్ ఉండేది. లెక్కల సిలబస్ మిగిలిపోతే ఆ పీరియడ్ లెక్కల మాస్టారికి పోయేది. సాంఘికశాస్త్రం పుస్తకంలో శాతవాహనుల పాలన, ఇక్ష్వాకుల పాలన, రాజుల వరస, పన్నుల పేర్లు అన్నీ అయ్యాక పాఠం చివర వాస్తు శిల్పాల గురించి నాలుగు వాక్యాలు ఉండేవి. బట్టీపట్టి రాస్తే మార్కులు పడేవి. అమరావతి శిల్పం గొప్పదని మూడు తరాలు పరీక్షల్లో రాశాయి. అది ఎందుకు గొప్పదో ఎవరూ ఎవరికీ చూపించలేదు.

గుంటూరు నుంచి అమరావతి ఎంతో దూరం లేదు. అమరేశ్వరస్వామి దర్శనానికి వెళ్లని కుటుంబం ఆ చుట్టుపక్కల ఉండదు. కృష్ణలో స్నానం, అభిషేకం, ప్రసాదం, తిరుగు ప్రయాణం. ఊళ్లోనే ఉన్న పురావస్తు మ్యూజియం, స్తూపం మిగిలిన దిబ్బ దారి పక్కనే ఉండిపోతాయి. ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో చాలామంది అమరావతికి లెక్కలేనన్నిసార్లు వెళ్లినవాళ్లే. మ్యూజియం మెట్లు ఎక్కినవాళ్లు తక్కువ. అది వాళ్ల తప్పని నేను అనుకోను. లోపలికి వెళితే ఏం చూడాలో చెప్పే మనిషి ఏనాడూ ఎదురుకాలేదు.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు 10.38 కోట్ల మంది. వాళ్ల కోసం మనం ఏం ఏర్పాటు చేస్తున్నామో చూడండి. కాలనీల్లో బీపీ, షుగర్ శిబిరాలు పెడతాం. పొద్దున్న యోగా, సాయంత్రం భజన. అన్నీ అవసరమే. కానీ ఈ ఏర్పాట్లన్నిటి వెనకా ఒక ఊహ ఉంది: ఈ వయసులో ఒంటికి సంరక్షణ కావాలి, ఆత్మకు శాంతి కావాలి, బుద్ధికి మాత్రం కొత్తగా ఏమీ అక్కర్లేదని. ఆ హాల్లో గంటసేపు కూర్చున్న ఎవరైనా ఆ ఊహను వదిలేస్తారు.

తులూజ్ నుంచి నాగార్జునసాగర్ దాకా

పెద్దవాళ్ల చదువుకు ఒక రూపం ఇచ్చిన ఊరు ఫ్రాన్స్‌లోని తులూజ్. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు పియర్ వెల్లాస్ 1973లో రిటైరైనవాళ్ల కోసం 'మూడో వయసు విశ్వవిద్యాలయం' మొదలుపెట్టాడు. బాల్యం, యౌవనం మొదటి వయసు. సంపాదన, సంసారం రెండోది. బాధ్యతలు తీరి, ఒంట్లో ఇంకా ఓపిక ఉన్న కాలం మూడోది. ఫ్రెంచి పద్ధతిలో విశ్వవిద్యాలయం పాఠం చెబుతుంది, పెద్దలు వింటారు.

ఈ ఆలోచన బ్రిటన్‌కు వెళ్లి రూపం మార్చుకుంది. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్, సామాజికవేత్త మైకేల్ యంగ్, విద్యావేత్త ఎరిక్ మిడ్‌వింటర్ కలిసి 1980ల మొదట్లో నిలబెట్టిన సంఘాల్లో ఆచార్యులు వేరు, విద్యార్థులు వేరు కారు. సభ్యుల్లో ఎవరికి ఏది తెలిస్తే వాళ్లు అది చెబుతారు. చేరడానికి అర్హత అడగరు. పరీక్ష లేదు, పట్టా లేదు. ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలోనో చర్చి హాల్లోనో కూర్చుంటారు. అలా నడిచే బృందాల్లో కళాచరిత్ర ఎప్పుడూ ఉంటుంది. దీనికి ముందే, 1968లో, అలంకార కళల మీద ఊరూరా ఉపన్యాసాలు ఏర్పాటు చేసే సంఘాల సమాఖ్య ఒకటి అక్కడ పుట్టింది. ఇప్పుడు దాన్ని ఆర్ట్స్ సొసైటీ అంటున్నారు.

బ్రిటన్‌లో ఆ సంఘాలకు జాతీయ స్థాయి ట్రస్టు ఏర్పడిన 1982లోనే మన దగ్గర ఒక పెద్ద పని జరిగింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం నాగార్జునసాగర్‌లో మొదలైంది. ఇప్పుడది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి వైస్‌చాన్సలర్ జి. రాంరెడ్డి. చదువు మధ్యలో ఆగిపోయిన గుమాస్తాలు, గృహిణులు, కూలిపనివాళ్లు డిగ్రీ పుచ్చుకునే దారి దాంతో తెరుచుకుంది. తెలుగునేల గర్వపడాల్సిన సంగతి ఇది. అయితే మనం తెరిచింది డిగ్రీ తలుపు. డిగ్రీ అక్కర్లేని చదువుకు, కేవలం తెలుసుకోవాలని ఉన్నవాళ్లకు తలుపు ఇంకా ఓరగానే ఉంది.

ఆ అలవాటు మనకు పూర్తిగా కొత్తదీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్లు ఏ పట్టా కోసం పెట్టలేదు. పెద్దవాళ్లు చదవాలనీ, కూర్చుని మాట్లాడుకోవాలనీ పెట్టారు. గ్రంథాలయోద్యమం అక్షరాన్ని ఊరి సొత్తు చేసింది. అదే పని శిల్పానికీ చిత్రానికీ జరగాల్సి ఉంది.

కంటి మీద పొర

వయసు పైబడ్డాక చూపు తగ్గుతుంది కదా, అప్పుడు బొమ్మలు చూసి ఏం లాభం అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నకు జవాబు తరగతిలోనే దొరికింది, మోనే పాఠం రోజున.

చిత్రకారుడు క్లాద్ మోనే ఫ్రాన్స్‌లోని జివర్నీలో తన తోటలో కలువల కొలను తవ్వించుకుని, దాని మీద జపాను తరహా వంతెన కట్టించుకున్నాడు. 1899లో దాన్ని చిత్రించినప్పుడు నీళ్లు పచ్చగా, నీలంగా, చల్లగా ఉన్నాయి. 1912లో ఆయన కళ్లకు శుక్లాలున్నట్టు తేలింది. ఆ తర్వాతి ఏళ్లలో అదే వంతెన ఎరుపు, గోధుమ, ముదురు పసుపు రంగుల చిక్కుముడి అయిపోయింది. శుక్లం ముదిరేకొద్దీ కంటి కటకం పసుపు తిరుగుతుంది, నీలాన్ని లోపలికి రానివ్వదు. 1923లో కుడికంటికి ఆపరేషన్ అయ్యాక ఆయన రంగులతో మళ్లీ మొదటి నుంచి పోరాడాడు. పారిస్‌లోని ఆరాంజెరీలో గదుల గోడలంతా పరుచుకున్న కలువలు ఆ కళ్లతో పూర్తిచేసినవే. 1926లో ఆయన పోయాడు. ఆ గదులు మరుసటి ఏడాది తెరిచారు.

రెండు వంతెనలూ పక్కపక్కన గోడ మీద పడేసరికి హాల్లో సగం మంది ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అందరికీ ఆపరేషన్ అయింది. ఒకావిడ, కట్టు విప్పిన రోజు ఇంట్లో గోడలు ఇంత తెల్లగా ఉన్నాయా అనుకున్నానన్నారు. ఒకాయన రెండు కళ్లకూ ఆపరేషన్ జరిగిన మధ్య నెలల్లో ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి తెల్ల పంచె చూసుకునేవారట. ఒక కంటికి నీలి తెలుపు, ఒక కంటికి పాత కాగితం రంగు. "ఆయన గీసింది తప్పు కాదమ్మా, ఆయనకు కనిపించింది అదే" అన్నారు. కళాశాలలో ఇరవై ఏళ్ల పిల్లలకు ఈ పాఠం చెబితే వాళ్లు నోట్సు రాసుకుంటారు. వీళ్లు సాక్ష్యం చెప్పారు.

పెద్దల తరగతికీ మామూలు తరగతికీ ఉన్న తేడా నాకు అక్కడే తెలిసింది. పుస్తకం నేర్పలేని సంగతులు వీళ్ల దగ్గర ముందే ఉన్నాయి. మగ్గం, నాగలి, పొయ్యి, ముగ్గు, పెళ్లిపందిరి, శవయాత్ర, కరువు. శిల్పులు, చిత్రకారులు తమ పనిలో దాచిపెట్టింది కూడా చాలావరకు ఇదే. ఈ రెండింటినీ కలిపే ఒక మనిషీ ఒక గదీ లేకపోవడమే లోటు.

లేపాక్షి పైకప్పు కింద

గుంటూరు బృందం బస్సు మాట్లాడుకుని లేపాక్షి వెళ్లింది. వీరభద్రాలయం విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ముల ఆధ్వర్యంలో కట్టింది. అందరికీ తెలిసింది వేలాడే స్తంభం. దాని కింద గుడ్డ లాగి చూడటంతో చాలామంది యాత్ర పూర్తవుతుంది. అసలు సంపద తల పైన ఉంది. మండపాల పైకప్పుల మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, పాచికలాడుతున్న శివపార్వతులు, వటపత్రశాయి. కావి, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ. నీలం దాదాపు కనపడదు.

పైకి చూస్తే అయిదు నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. అరవై దాటినవాళ్లకు అది ప్రమాదం కూడా. అందుకని పాఠం చెప్పే అమ్మాయి తలా ఒక చేతి అద్దం తెమ్మంది. అద్దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని కిందికి చూస్తే పైకప్పు అందులో కనిపిస్తుంది. తల వంచి బొమ్మ చదువుతూ అడుగులో అడుగు వేసుకుంటూ నడవొచ్చు. ఇంత చిన్న ఉపాయం మన గుళ్లలో ఏ గైడూ ఎందుకు చెప్పడో!

మంగళగిరిలో మగ్గం ఇంట పుట్టిన ఒకావిడ అద్దం పట్టుకుని వరసగా నిలబడ్డ ఆడవాళ్ల బొమ్మల కింద ఆగిపోయారు. ఆ స్త్రీల చీరలు ఒకటిలా ఒకటి లేవు. ఒకదాని మీద నిలువు చారలు, ఒకదాని మీద గళ్లు, ఒకదాని మీద పూలు. ఆవిడ దేవుళ్లను దాటేసి చీరలే చదివారు. ఈ చార పడుగులోనే వస్తుంది, ఇది పేకలో, ఇది నేతలో రాదు, అద్దకమే అయి ఉండాలి, ఈ అంచుకు రంగు దారం విడిగా పెట్టి నేయాలి అంటూ వేలు కదుపుతూ చెప్పుకుపోయారు. ఆ కాలపు బట్టలు మనకు మిగల్లేదు కాబట్టి చరిత్రకారులు ఈ చిత్రాలనే వస్త్రాలకు ఆధారంగా తీసుకుంటారు. పురుషుల తలల మీద పొడుగ్గా కోసుగా ఉండే కుళ్లాయిలు విజయనగర దర్బారు వేషం. ఈ రెండో సంగతి పుస్తకంలో ఉంది. చీర ఏ దారంతో ఎలా నేశారన్నది ఆవిడ వేళ్లలో ఉంది.

అక్కడే ఇంకో మాట కూడా వచ్చింది. బృందంలో ఒక రిటైర్డ్ టీచరు చాలాసేపు మౌనంగా తిరిగి, "మా ఊరి గుళ్లోనూ ఇలాంటి బొమ్మలున్నాయని విన్నానండీ. మా నాన్న ధ్వజస్తంభం దాటి ఎరగడు" అన్నారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన తలుపులన్నీ ఒక్కరోజులో తెరుచుకోలేదు. 'మన వారసత్వం' అని తేలిగ్గా అనేస్తుంటాం. ఆ 'మన'లో ఎవరికి చూసే వీలుంది, ఎవరికి లేదు అన్నది కూడా కళాచరిత్రే. పెద్దల తరగతిలో దీన్ని దాటవేయడం కుదరదు. దాన్ని అనుభవించినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటారు. దాటవేయకూడదని నా గట్టి నమ్మకం. ఆ పూట గైడు చెప్పిన కథలన్నిటి కన్నా ఆయన మాటే అందరికీ ఎక్కువ నేర్పింది.

పటం విప్పితే

తెలంగాణలో ఇలాంటి తరగతి పెడితే మొదటి పాఠం చేర్యాల పటం కావాలి. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూసి గట్టిపరిచి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా కథ గీస్తారు నకాషీ కళాకారులు. పటం గోడకు తగిలించే బొమ్మగా పుట్టలేదు. చుట్ట విప్పుతూ కథ పాడేవాళ్ల కోసం పుట్టింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు భారత కథ చెప్పే కాకిపడగలవాళ్లు, ఒక్కో కులానికి ఒక్కో కథకులు. రాత్రంతా దీపం వెలుగులో పటం కొంచెం కొంచెంగా దిగుతుంటే ఊరు వినేది.

ఇవాళ చేర్యాల బొమ్మ మాస్కుగా, కీచైన్‌గా, డ్రాయింగ్‌రూమ్‌లో ఫ్రేముగా దొరుకుతుంది. కళాకారుడికి అన్నం పెడుతోంది కాబట్టి సంతోషమే. కానీ పటాన్ని దాని పనిలో చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. ఏ ఘట్టం దగ్గర పాట ఆగేది, ఏ బొమ్మ రాగానే బియ్యం, డబ్బులు పెట్టేవాళ్లు, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లు, ఇవన్నీ వాళ్ల జ్ఞాపకంలోనే ఉన్నాయి. తరగతి పేరుతో వాళ్లను కూర్చోబెట్టి ఒక పాత పటం ముందు పరిస్తే, పాఠం చెప్పేవాళ్లే నోట్సు రాసుకోవాలి. ఈ పని పదేళ్లు వాయిదా వేస్తే చెప్పేవాళ్లు మిగలరు.

మందు చీటీ కాదు

కళ ఆరోగ్యానికి మంచిదని చెప్పే అధ్యయనాలున్నాయి. ఇంగ్లండులో యాభై దాటిన 6,710 మందిని 14 ఏళ్లు గమనించి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మ్యూజియాలకు, నాటకాలకు, కచేరీలకు కొన్ని నెలలకోసారైనా వెళ్లేవాళ్లలో ఆ కాలంలో మరణించే అవకాశం అసలు వెళ్లనివాళ్ల కన్నా 31 శాతం తక్కువ. వెళ్లడం వల్లే బతికారని దీని అర్థం కాదు, పరిశోధకులూ అలా అనలేదు. కాళ్లూ చేతులూ బాగుండి, చేతిలో డబ్బున్నవాళ్లే ఎక్కువ వెళతారు కదా. అవి లెక్కలోంచి తీసేశాక కూడా ఈ తేడా మిగిలిందన్నది వాళ్ల మాట.

ఈ అంకెలతో తరగతిని మందులా అమ్మడం నాకు ఇష్టం లేదు. నలగిరిని చూసి డ్రైవరు గారు లేచి నిలబడ్డది ఆయుష్షు పెంచుకోవడానికి కాదు. అయితే మతిమరుపు జబ్బు ముసురుకుంటున్నవాళ్ల విషయంలో ఒక ఉదాహరణ చెప్పి తీరాలి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2006లో అల్జైమర్స్ ఉన్నవాళ్లకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ ప్రత్యేక దర్శనం మొదలుపెట్టింది. అప్పట్లో మ్యూజియానికి సెలవైన మంగళవారం, జనం లేని వేళ, కొన్ని చిత్రాల ముందు కుర్చీలు వేసి మాట్లాడించేవారు. పేర్లు, తేదీలు గుర్తుండక్కర్లేదు. ఎదురుగా కనిపిస్తున్నదాని గురించి మాట్లాడటానికి జ్ఞాపకంతో పనిలేదు. రోజూ 'నేనెవరో గుర్తుపట్టావా' అన్న పరీక్షే ఎదుర్కొనే మనిషికి, పరీక్ష లేని ఆ గంట ఎంత ఊరటో ఊహించండి.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నెలకు ఒక్క శుక్రవారం మధ్యాహ్నం ఇలాంటివాళ్ల కోసం ఒక గ్యాలరీ తెరవమని అడగడం పెద్ద కోరిక కాదు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందు పది కుర్చీలు వేస్తే చాలు. పాలరాయిలో పల్చటి ముసుగు ఎలా వచ్చిందని అడగండి. మేలిముసుగు మన పెళ్లిళ్లలోనూ ఉంది, మాట్లాడటానికి అందరికీ ఏదో ఒకటి ఉంటుంది.

ఇరవై ఎనిమిదేళ్లు నిండని చిత్రకారుడు

రాజమండ్రి గురించి చెప్పకుండా ఈ కథనం ముగించలేను. దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో, ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండా పోయాడు. ఆయన చేతిలో ఉన్న విద్యను గుర్తించింది అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి చదివి, తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళ నేర్పడం మొదలుపెట్టాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. ఆయన పోయాక ఆ చిత్రాలు చెదిరిపోకుండా నిలిచాయంటే వరదా వెంకటరత్నం లాంటి మిత్రుల శ్రమ అది. ఆయన పేరు మీదే ఊళ్లో ఇప్పుడు చిత్రశాల ఉంది.

ఈ కథలో పెద్దవాళ్లు పట్టుకునేది వేరే ఉంటుంది. యౌవనంలో ఉన్నవాళ్లు రామారావు ప్రతిభ గురించి మాట్లాడతారు. డెబ్బై ఏళ్లవాళ్లు అతని పక్కనున్నవాళ్ల గురించి అడుగుతారు. ఆ పిల్లవాడి భార్య తర్వాత ఎలా బతికింది? చెల్లెలు ఏం గీసింది? వాటిని ఎవరు దాచారు? స్నేహితుడి కోసం ఒక మనిషి జీవితమంతా ఎందుకు ధారపోశాడు? కళాచరిత్ర గ్రంథాలు చాలావరకు ప్రతిభ గురించి రాసి, కాపాడినవాళ్లను అధోజ్ఞాపికల్లో వదిలేశాయి. జీవితంలో ఎక్కువ భాగం ఏదో ఒకదాన్ని కాపాడుతూ గడిపినవాళ్లు ఆ వదిలేసిన చోటే ముందు చూస్తారు.

ఎవరి రాళ్లు?

తరగతిలో గొంతులు పెరిగే రోజు ఒకటుంటుంది. అమరావతి రాళ్లు లండన్‌కు ఎలా వెళ్లాయన్న పాఠం అది. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిని రాజధాని చేసుకుని ఊరు కడుతున్నప్పుడు దిబ్బలోని రాళ్లు బయటపడ్డాయి, కట్టడాలకు పోయాయి. కొన్ని కాలి సున్నమయ్యాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వి తీయించినవి మద్రాసు మీదుగా లండన్ చేరాయి. పల్నాటి సున్నపురాయిని అక్కడ చాలాకాలం పాలరాయి అనే పిలిచారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

"తిరిగి తేవాల్సిందే" అని కొందరు. "ఇక్కడే ఉంటే సున్నం బట్టీలో కలిసేవి" అని ఇంకొందరు. తిరిగి అడగడం న్యాయమేనని నేననుకుంటాను. ఒకప్పుడు సున్నం చేసినవాళ్ల మనవలకు ఈనాడు ఆ రాళ్ల మీద హక్కు పోదు. కానీ అడిగే ప్రజలు ఊళ్లో మిగిలినదాన్ని చూసి ఉండాలి. ఈ వాదన టీవీ చర్చలో అయిదు నిమిషాల్లో అరుపులవుతుంది. ఆ హాల్లో మెకంజీ గీయించిన బొమ్మల్ని ఒక్కొక్కటీ చూస్తూ రెండు వారాలు సాగింది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు నాలుగు గోడల మధ్య గడిపే మన తల్లిదండ్రులకు కూడా ఈ చదువు పనికొస్తుంది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. అందులో సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలున్నాయి. న్యూజెర్సీ నుంచి గంట ప్రయాణం. ఎంతమంది సూర్యాపేట అమ్మలు, నాన్నలు ఆ వేసవిలో ఆ పక్క ఊళ్లోనే ఉండి ఉంటారో!

ఏం కావాలి

ఖర్చు తక్కువ. ఒక ప్రొజెక్టర్, తెల్ల గోడ, మైకు, చేతులున్న కుర్చీలు, దగ్గర్లో మరుగుదొడ్డి. చీకటి పడకముందే ముగిసే వేళ. తెర మీద అక్షరాలు పెద్దవిగా, మాటలు తక్కువగా. గంటకు ఒకటి, మహా అయితే రెండు చిత్రాలు. రాజవంశాల పట్టికతో మొదలుపెడితే రెండో వారానికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. పాఠం తెలుగులోనే జరగాలి. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ (1914-1999) తెలుగులో కళ గురించి ఎంత సూక్ష్మంగా రాయొచ్చో చూపించిపోయారు, మాటలు లేవన్న సాకు మనకు లేదు.

చోటు కోసం వెతకాల్సిన పని లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. శాఖా గ్రంథాలయాల హాళ్లు మధ్యాహ్నాలు చాలాచోట్ల ఖాళీగా ఉంటాయి. చెప్పేవాళ్లున్నారు: హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏటా చదువు ముగించుకుంటున్న పిల్లలకు ఉద్యోగాలు తక్కువ. నెలకు రెండు పాఠాలకు గౌరవంగా పారితోషికం ఇచ్చే ఏర్పాటు పెన్షనర్ల సంఘాలు, గ్రంథాలయ సంస్థలు కలిసి చేయగలవు. ఉచిత సేవ అని పిలిచి బస్సు చార్జీలు కూడా ఇవ్వకుండా పంపేయడం మానాలి.

పాఠ్యప్రణాళికకు కమిటీ అక్కర్లేదు. గుంటూరువాళ్లు అమరావతితో మొదలుపెట్టొచ్చు, హిందూపురంవాళ్లు లేపాక్షితో, సూర్యాపేటవాళ్లు ఫణిగిరితో, సిద్దిపేటవాళ్లు చేర్యాల పటంతో, వరంగల్‌వాళ్లు 1213 నాటి రామప్పతో, రాజమండ్రివాళ్లు దామెర్ల చిత్రశాలతో. శ్రీకాళహస్తివాళ్లకు కలంకారీ ఉంది. తులూజ్, పారిస్, జివర్నీ రెండో ఏడాదికి ఉంచుకోవచ్చు.